ఆ గీత తగ్గింది పొర వల్లనా, లెన్స్ వల్లనా?

మీ ప్రశ్న చదివాను. జత చేసిన గ్రాఫ్‌లు కూడా రెండుసార్లు చూశాను. ఇది చదివే మిగతావాళ్ల కోసం ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెబుతాను. మీరు కర్నూలు నుంచి వచ్చి బెంగళూరులో పీహెచ్‌డీ మూడో ఏడు చేస్తున్నారు. ఒకే పొర మందం ఉన్న మాలిబ్డినం డైసల్ఫైడ్‌ని సిలికాన్ ముక్క మీద పెట్టి, క్రయోస్టాట్‌లో (బాగా చల్లగా ఉంచే పాత్రలో) చల్లబరిచి, 532 నానోమీటర్ల పచ్చ లేజర్‌తో రామన్ స్పెక్ట్రమ్, అంటే తిరిగి వచ్చే కాంతిలో రంగు మారిన భాగం గ్రాఫ్, తీశారు. అందులోని ఒక్కో శిఖరాన్నే గీత అంటాం. పొరకు నిలువుగా అయస్కాంత క్షేత్రాన్ని సున్నా నుంచి 9 టెస్లాల దాకా పెంచారు. లేజర్ పోలరైజేషనూ (కాంతి తరంగం ఊగే దిశ), తిరిగి వచ్చే కాంతిలో ఒక దిశను మాత్రమే పోనిచ్చే అనలైజరూ ఒకే దిశలో ఉన్నాయి. 405 వేవ్‌నంబర్ల (రంగు ఎంత మారిందో చెప్పే కొలత) దగ్గరుండే ఏ1జి అనే గీత ఎత్తు 3 టెస్లాలకి సగానికి కాస్త పైన ఆగింది. ఆరున్నర దగ్గర దాదాపు మాయమైంది. 9 దగ్గర మళ్లీ మూడో వంతుకు లేచింది. 385 దగ్గరి ఈ2జి గీత మాత్రం ఏమీ కదల్లేదు. సిలికాన్ 520 గీత కూడా కదల్లేదు కాబట్టి పరికరంలో తప్పు లేదని మీ గైడ్ అన్నారు, పేపర్ రాయడం మొదలుపెట్టమన్నారు. మీకు మాత్రం నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది.

ఆ టెన్షన్ మంచిదే. పేపర్ రెండు వారాలు ఆపండి. మీ డేటాలో కనిపిస్తున్నది చాలా మటుకు, బహుశా మొత్తంగా, పొర చేసిన పని కాదు. పొరకు ఎదురుగా, అదే అయస్కాంత క్షేత్రంలో ఉన్న మీ ఆబ్జెక్టివ్ లెన్స్‌లోని గాజు చేసిన పని. ఇంత ధైర్యంగా ఎందుకు అంటున్నానో, సిలికాన్ గీత ఎందుకు మిమ్మల్ని మోసం చేసిందో కింద వివరంగా రాస్తాను. నేను ఇదే ఊళ్లో ఇరవై రెండేళ్లుగా చలిలో, అయస్కాంతంలో రామన్ కొలతలు చేస్తున్నాను. ఇదే గోతిలో నేనూ పడ్డాను. అది తర్వాత చెబుతాను.

ముందు కాంతి దారి. మీ లేజర్ కిరణం ఆబ్జెక్టివ్‌లోంచి దిగి పొర మీద పడుతుంది. దాదాపు అంతా అదే రంగులో తిరిగి వస్తుంది. చాలా చిన్న భాగం, కోటిలో ఒకటి అనుకోండి, పొరలోని పరమాణువుల ఊపుకు కొంత శక్తి ఇచ్చి రంగు మారి వస్తుంది. అదే రామన్ పరిక్షేపణం. మాలిబ్డినం డైసల్ఫైడ్ మన పూతరేకుల చుట్టలాంటిది. ఒక్కో రేకు లోపల బంధాలు గట్టివి, రేకుకూ రేకుకూ మధ్య పట్టు బలహీనం. అందుకే టేపుతో ఒక్క పొర లాగగలుగుతున్నాం. ఆ ఒక్క రేకులో మధ్యన మాలిబ్డినం, పైనా కిందా గంధకం. ఏ1జి అంటే గంధకపు పరమాణువులు రెండూ ఒకదానికొకటి ఎదురుగా పైకీ కిందకీ ఊగడం. ఈ2జి అంటే గంధకం ఒక పక్కకి, మాలిబ్డినం ఇంకో పక్కకి, రేకు తలంలోనే ఊగడం.

ఈ రెండు ఊపులూ కాంతి పోలరైజేషన్‌ని వేర్వేరుగా చూస్తాయి. మీ సమస్య మొత్తం ఇక్కడే ఉంది, కాబట్టి నిదానంగా చదవండి. పొర మీద పడే కాంతి పోలరైజేషన్ ఒక స్థిరమైన రేఖతో చేసే కోణం మొదటి కోణం అనుకుందాం. పొర నుంచి బయలుదేరిన కాంతిలో మీ అనలైజర్ ఏ దిశను ఏరుకుంటుందో అది రెండో కోణం. రామన్ టెన్సర్లు (ఒక్కో ఊపు కాంతి దిశను ఎలా మారుస్తుందో చెప్పే అంకెల పట్టికలు) రాసి గుణించండి, నాలుగు వరుసల లెక్క. ఏ1జి తీవ్రత ఈ రెండు కోణాల తేడా మీద ఆధారపడుతుంది. తేడా కొసైన్‌కి వర్గం, అంతే. ఈ2జికి రెండు ఊపులు జంటగా ఉంటాయి. ఒకటి కోణాల మొత్తం కొసైన్ వర్గంగా, ఇంకొకటి అదే మొత్తం సైన్ వర్గంగా వస్తుంది. రెండూ కలిపితే ఒకటి. అంటే మీరు పోలరైజర్లు ఎలా తిప్పినా ఈ2జి మారదు.

ఇప్పుడు లెన్స్. అయస్కాంత క్షేత్రంలో ఉన్న గాజులోంచి, క్షేత్రం దిశలోనే వెళ్లే కాంతి పోలరైజేషన్ కొంత తిరుగుతుంది. 1845లో మైకేల్ ఫారడే దీన్ని కనుక్కున్నదే బరువైన సీసం కలిసిన గాజు ముక్కలో. ఎంత తిరుగుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: క్షేత్రం ఎంత, గాజు పొడవెంత, ఆ గాజు వర్డే స్థిరాంకం (కాంతిని తిప్పే గుణం) ఎంత. లెన్సుల్లో మామూలుగా వాడే బీకే7 గాజుకి పచ్చ కాంతిలో అది టెస్లాకి, మీటరుకి సుమారు 6 రేడియన్లు. మంచి ఆబ్జెక్టివ్‌లో నాలుగైదు గాజు ముక్కలుంటాయి. మొత్తం మందం 2 సెంటీమీటర్లనుకోండి. టెస్లాకి 0.12 రేడియన్, అంటే 7 డిగ్రీలు.

కాంతి వెళ్లడం ఒకసారి, రావడం ఒకసారి. ఇక్కడ చాలామంది పొరబడతారు. పంచదార నీళ్లు కూడా పోలరైజేషన్‌ని తిప్పుతాయి, కానీ వెళ్లేటప్పుడు ఎక్కిన పురి తిరుగు దారిలో విడిపోతుంది. ఫారడే తిప్పడం అలాంటిది కాదు. తిరిగే దిశను నిర్ణయించేది క్షేత్రం, కాంతి వెళ్లే వైపు కాదు. అందుకే తిరుగు దారిలో పురి విడిపోదు, ఇంకో చుట్టు ఎక్కుతుంది. టెస్లాకి 7 కాస్తా 14 డిగ్రీలు అవుతుంది.

ఇక మీ అంకెలు చూద్దాం. రెండు కోణాల తేడా 90 డిగ్రీలైనప్పుడు ఏ1జి సున్నా కావాలి. మీకు ఆరున్నర టెస్లాల దగ్గర సున్నా అయింది. 90ని ఆరున్నరతో భాగిస్తే టెస్లాకి దగ్గరదగ్గర 14 డిగ్రీలు. నేను గాజు మందం ఊహించి వేసిన లెక్కా అదే. ఇంకో రెండు చోట్ల సరిచూడండి. 3 టెస్లాలకి 41 డిగ్రీలు, కొసైన్ వర్గం 0.56. మీరు సగానికి కాస్త పైన అన్నారు. 9 టెస్లాలకి 124 డిగ్రీలు, కొసైన్ వర్గం 0.31. మీరు మూడో వంతు అన్నారు. ఒక్క అంకె తీసుకుంటే మిగతా రెండూ వాటంతటవే వచ్చాయి. ఈ2జి కదలకపోవడం కూడా ఈ లెక్కలోనే ఉంది. లెన్స్ మొదటి కోణాన్ని ఎంత పెంచుతుందో రెండో కోణాన్ని పొర వైపు నుంచి చూస్తే అంతే తగ్గిస్తుంది. తేడా మారుతుంది, మొత్తం మారదు.

సిలికాన్ సంగతి. మీ గైడ్ తీసుకున్న జాగ్రత్త సరైన ఆలోచనే, సాక్షి మాత్రం తప్పు. ఈ పొరలు పెట్టే ముక్కలు సాధారణంగా స్ఫటికంలో 100 అని పిలిచే తలంలో కోసిన సిలికాన్. ఆ తలం మీద నిటారుగా కాంతి వేసి నిటారుగానే తీసుకుంటే 520 గీత తీవ్రత రెండు కోణాల మొత్తం సైన్ వర్గంగా వస్తుంది. మళ్లీ మొత్తమే, తేడా కాదు. లెన్స్ 20 డిగ్రీలు తిప్పినా, 60 డిగ్రీలు తిప్పినా ఆ గీత కదలదు. అది పరికరం బాగుందని చెప్పడం లేదు. దానికి ఆ తిప్పడం కనపడదు. నాకు తెలిసి కనీసం ముగ్గురు విద్యార్థులు ఈ సిలికాన్ గీతను నమ్మి నెలలు పోగొట్టుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఎక్కడా ఒకచోట రాసి ఉండదు. టెన్సర్ ఒక పేజీలో, ఫారడే ఇంకో పేజీలో ఉంటాయి.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. ఒకే పొర మాలిబ్డినం డైసల్ఫైడ్‌లో అయస్కాంత క్షేత్రం నిజంగా ఏం చేస్తుంది? అది అయస్కాంత పదార్థం కాదు. అందులోని ఎక్సైటాన్‌కి (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ కలిసిన జంట) జీ విలువ, అంటే క్షేత్రానికి దాని శక్తి ఎంత జరుగుతుందో చెప్పే అంకె, సుమారు మైనస్ 4. అంటే రెండు లోయల (ఎలక్ట్రాన్లు కూడే రెండు శక్తి పల్లాల) ఎక్సైటాన్ల మధ్య టెస్లాకి 0.23 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల ఎడం వస్తుంది. 9 టెస్లాలకి 2 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. మీ లేజర్ శక్తి 2.33 ఎలక్ట్రాన్‌వోల్టులు, మొదటి ఎక్సైటాన్ 1.9 దగ్గర. నాలుగు వందల మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల దూరంలో ఉన్న మెట్టు రెండు మిల్లీ అటూ ఇటూ జరిగితే ఒక గీత పూర్తిగా మాయమవ్వాలంటే నాకు కారణం దొరకదు. ఎర్ర లేజర్, 633 నానోమీటర్లు, అంటే 1.96 ఎలక్ట్రాన్‌వోల్టులు, ఎక్సైటాన్‌కి దగ్గరగా వస్తుంది. అప్పుడు నిజమైన మార్పు కొంత ఆశించవచ్చు, అదీ సర్క్యులర్ పోలరైజేషన్‌లో (కాంతి ఊగే దిశ గుండ్రంగా తిరుగుతూ ఉండేది), క్షేత్రం దిశ మారిస్తే అటుదిటు ఇటుదటు అయ్యేలా.

నా అనుభవం చెబుతానన్నాను. 2013 వానాకాలం. మాలిబ్డినం డైసెలెనైడ్ మీద నాకు సరిగ్గా మీ గ్రాఫ్‌లాంటిదే వచ్చింది. 240 దగ్గరి గీత క్షేత్రంతో పడిపోయి లేస్తోంది. హీలియం అయిపోతుందని రాత్రిళ్లు ల్యాబ్‌లోనే ఉండి డేటా తీశాను. మూడున్నర నెలలు సిద్ధాంతం వెతికాను. ఎలక్ట్రాన్ల కక్ష్యలు, సౌష్ఠవం విరగడం, అన్నీ రాసుకున్నాను. మా ల్యాబ్‌లో ఆప్టిక్స్ చూసుకునే చిత్తూరు ఆయన ఒకరు ఉండేవారు. డిప్లొమా చదివి, ముప్పై ఏళ్లు అద్దాలతోనే గడిపిన మనిషి. ఒకరోజు టీ తాగుతూ నా గ్రాఫ్ చూసి, "మేడమ్, మ్యాగ్నెట్ వేసినప్పుడు లోపల శాంపిల్ ఒక్కటే ఉందా? గాజు కూడా ఉంది కదండీ" అన్నారు. మర్నాడు పొర తీసేసి బంగారు పూత ముక్క పెట్టాం. లేజర్ కాంతినే తిరిగి కొలిచాం. అదే వంపు, అదే చోట సున్నా. నేను ఆ రోజు చాలా ఏడ్చాను. కానీ ఆ తర్వాత నా దగ్గర చదివిన ప్రతి విద్యార్థికీ మొదటి వారం చేయించే పని ఆ బంగారు ముక్క కొలతే.

మీరు కూడా అదే చేయండి. బంగారు పూత లేకపోతే ఉత్త సిలికాన్ అయినా సరే, కానీ చూడాల్సింది దాని రామన్ గీత కాదు, తిరిగి వచ్చే లేజర్ కాంతి. ఫిల్టర్లు తీసేసే ముందు లేజర్ పవర్ బాగా తగ్గించండి, డిటెక్టర్ జాగ్రత్త. ప్రతి టెస్లాకీ అనలైజర్ తిప్పి కాంతి ఎక్కడ అత్యధికమో ఆ కోణం రాసుకోండి. సరళరేఖ వస్తే దాని వాలు మీ లెన్స్, కిటికీ అద్దం కలిపి చేసే రెండు ప్రయాణాల తిప్పుడు. 405 వేవ్‌నంబర్లు దిగిన కాంతి 544 నానోమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో తిప్పుడు కొద్ది శాతం తక్కువ. మొదటి చూపుకి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

రెండో పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. క్వార్టర్ వేవ్ ప్లేట్ (సూటి పోలరైజేషన్‌ని సర్క్యులర్‌గా మార్చే పలక) పెట్టి సర్క్యులర్ పోలరైజేషన్‌లో కొలవండి. ఫారడే ప్రభావం సర్క్యులర్ కాంతికి దశను మాత్రమే మారుస్తుంది, తీవ్రతను తాకదు. ఏ1జి ఒకే చేతివాటం ఉన్న జతలో, ఈ2జి ఎదురు చేతివాటం ఉన్న జతలో కనిపిస్తాయి. ఆ కొలతలో ఏ1జి 9 టెస్లాల దాకా నిలకడగా ఉంటే విషయం తేలిపోయినట్టే. కొంచెమైనా మారితే, ఆ మిగిలిన కొంచెమే మీ పొరది. దాన్నే పట్టుకోవాలి.

ఇంకొకటి. "సమాంతరంగా పెట్టి కొలిస్తే క్షేత్రాన్ని అటూ ఇటూ తిప్పినా ఒకేలా వస్తోంది, కాబట్టి ఇది ఫారడే కాదు" అని కొందరు అంటారు. కొసైన్ వర్గానికి కోణం గుర్తు తెలియదు, అందుకే అలా వస్తుంది. అనలైజర్‌ని 45 డిగ్రీల దగ్గర పెట్టి ప్లస్ 1 టెస్లా, మైనస్ 1 టెస్లా తీయండి. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గుతుంది. చిన్న క్షేత్రాల దగ్గర తిప్పుడు పట్టుకోవడానికి ఇదే అన్నిటికంటే పదునైన అమరిక.

అనలైజరే పెట్టలేదు, కాబట్టి నాకు ఈ బాధ లేదు అనుకునేవాళ్లకి ఒక మాట. స్పెక్ట్రోమీటర్ లోపల రంగులు విడదీసే గ్రేటింగ్ కూడా పోలరైజేషన్‌ని చూస్తుంది. ఒక దిశలో వచ్చిన కాంతిని బాగా పంపుతుంది, అడ్డ దిశలోదాన్ని తక్కువగా. మీరు పెట్టకపోయినా అక్కడ ఒక సగం అనలైజర్ ఉన్నట్టే.

సరిదిద్దడం ఎలా? హాఫ్ వేవ్ ప్లేట్ (పోలరైజేషన్ దిశను తిప్పే పలక) పెట్టి తిప్పుతామని అందరికీ తడుతుంది. ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. బీమ్ స్ప్లిటర్‌కీ ఆబ్జెక్టివ్‌కీ మధ్య, కాంతి వెళ్లేదీ వచ్చేదీ ఒకే దారిలో ఉన్నచోట పెడితే లాభం లేదు. వెళ్లేటప్పుడు అది సరిదిద్దినట్టే ఉంటుంది, వచ్చేటప్పుడు అదే తప్పు మళ్లీ చేతికొస్తుంది. కాగితం మీద కోణాలు వేసుకుని చూడండి, చివరికి అదే రెండింతల తిప్పుడు, గుర్తు మారి మిగులుతుంది. ప్లేట్ తిరిగి వచ్చే కాంతి దారిలో మాత్రమే ఉండాలి. పొరకు తలంలో దిశలు ముఖ్యమైన పదార్థమైతే, వెళ్లే దారిలో ఒకటి, వచ్చే దారిలో ఒకటి, రెండు వేర్వేరు ప్లేట్లు కావాలి. ప్రతి క్షేత్రానికీ బంగారు ముక్క మీద కొలిచిన కోణం ప్రకారం తిప్పాలి.

ఇక మీ అసలు ఆసక్తి. అయస్కాంత క్షేత్రం పొరల్లోని కాంతి పరిక్షేపణాన్ని నిజంగా మార్చదా అంటే, మారుస్తుంది, చాలా అందంగా మారుస్తుంది. గాజు చేసే పనికీ దానికీ తేడా కనిపెట్టడానికి నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: గీత చోటు మారిందా? గాజు గీత ఎత్తును మార్చగలదు, దాని చోటును ఎప్పటికీ మార్చలేదు.

గ్రాఫీన్ (ఒకే పొర కార్బన్) చూడండి. దాని జీ గీత 1580 వేవ్‌నంబర్లు, అంటే 196 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల ఊపు. క్షేత్రం వేస్తే గ్రాఫీన్ ఎలక్ట్రాన్ల శక్తులు లాండౌ మెట్లుగా విడిపోతాయి. మామూలు లోహంలో మెట్లు క్షేత్రంతో పాటు సూటిగా పెరుగుతాయి, గ్రాఫీన్‌లో క్షేత్రం వర్గమూలంతో. మొదటి మెట్టు ఎత్తు సుమారు 36 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు, దాన్ని టెస్లాల వర్గమూలంతో గుణించాలి. క్షేత్రం పెంచుతూ పోతే ఒక చోట ఎలక్ట్రాన్ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎక్కే శక్తి, సరిగ్గా జీ ఊపు శక్తితో సమానమవుతుంది. మైనస్ ఒకటో మెట్టు నుంచి రెండో మెట్టుకి ఎక్కే దారి 5 టెస్లాల దగ్గర కలుస్తుంది. సున్నా నుంచి ఒకటికి ఎక్కేది 30 దగ్గర. కలిసినచోట ఊపూ ఎలక్ట్రానూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. జీ గీత పక్కకి జరుగుతుంది, వెడల్పవుతుంది, కొన్నిసార్లు రెండుగా చీలుతుంది. 2007లో ఆండో, గోర్బిగ్ బృందం వేర్వేరుగా ఇది జరగాలని లెక్కగట్టారు. 2009లో ఫోజెరా, గ్రెనోబుల్ బృందంతో కలిసి సిలికాన్ కార్బైడ్ మీద పెంచిన గ్రాఫీన్‌లో చూపించారు. ఆ గ్రాఫ్ మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని అచ్చు తీసి గోడకి అంటించుకున్నాను. జీ గీత కూడా ఈ2జి రకం సౌష్ఠవానిదే కాబట్టి, లెన్స్ తిప్పుడు దాని ఎత్తును కూడా పెద్దగా పాడుచేయదు. ఆ ప్రయోగానికి అదొక అదృష్టం.

పొరే అయస్కాంతమైతే కథ ఇంకా బాగుంటుంది. క్రోమియం ట్రైఅయొడైడ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక్క పొర కూడా 45 కెల్విన్ కింద అయస్కాంతంగా ఉంటుందని 2017లో చూపించారు. దిమ్మగా ఉంటే 61 కెల్విన్. రెండు పొరల ముక్కలో ఒక్కో పొర విడిగా అయస్కాంతమే, కానీ ఒకటి పైకి, ఒకటి కిందకి. 0.7 టెస్లాల దగ్గర రెండూ ఒకే వైపుకి తిరుగుతాయి. ఇప్పుడు 128 వేవ్‌నంబర్ల దగ్గరి ఊపు చూడండి. రెండు పొరలు కాబట్టి ఆ ఊపు రెండు రకాలుగా జరగవచ్చు, కోలాటంలో రెండు జట్లు ఒకే తాళానికి వేసినట్టు ఒకటి, ఎదురు తాళానికి వేసినట్టు ఇంకొకటి. రెండింటి మధ్య ఎడం 2 వేవ్‌నంబర్లే. ఎదురు తాళం ఊపు మామూలుగా రామన్‌లో కనిపించకూడదు, సౌష్ఠవం ఒప్పుకోదు. కానీ పొరల అయస్కాంతాలు కూడా ఎదురెదురుగా ఉన్నప్పుడు ఆ రెండు ఎదురుతనాలూ రద్దయి, అడ్డంగా పెట్టిన పోలరైజర్లలో ఆ గీత బయటపడుతుంది. 0.7 టెస్లాలు దాటగానే మాయమై, దాని చోట ఒకే తాళం ఊపు కనిపిస్తుంది. ఇక్కడ క్షేత్రం చేసింది సౌష్ఠవాన్ని మార్చడం.

దీన్ని మీ గ్రాఫ్ పక్కన పెట్టి చూడండి. ఇక్కడ మార్పు ఒక్క గెంతులో వస్తుంది. గాజులో ఎప్పుడూ నున్నటి వంపే. శాంపిల్‌ని 45 కెల్విన్ దాటించి వేడి చేస్తే ఈ మార్పు పోతుంది. మామూలు లెన్స్ గాజుకి శాంపిల్ ఎంత చల్లగా ఉందో పట్టదు. అందుకే మీ పదార్థం ఏదైనా, ఒకే కొలతను రెండు ఉష్ణోగ్రతల్లో తీయడం అలవాటు చేసుకోండి. టెర్బియంలాంటి మూలకాలు కలిసిన గాజులు చలికి బాగా మారతాయి, ఆబ్జెక్టివ్‌లలో అవి వాడరు.

మూడో నిజమైన ప్రభావం మాగ్నాన్లు, అయస్కాంత పదార్థంలో స్పిన్‌లు అలగా ఊగడం. ఐరన్ ఫాస్ఫరస్ ట్రైసల్ఫైడ్‌లో 118 కెల్విన్ పరిసరాల కింద స్పిన్‌లు ఎదురెదురు వరుసల్లో సర్దుకుంటాయి. బాగా చల్లబరిస్తే 122 వేవ్‌నంబర్ల దగ్గర ఒక గీత వస్తుంది. చూడ్డానికి మామూలు ఫోనాన్ (పరమాణువుల ఊపు) లాగానే ఉంటుంది. క్షేత్రం నిలువుగా వేయండి, అది రెండుగా చీలి, ఒకటి పైకీ ఒకటి కిందకీ, టెస్లాకి సుమారు ఒక వేవ్‌నంబర్ చొప్పున జరుగుతుంది. 9 టెస్లాలకి 113 దగ్గర ఒకటి, 131 దగ్గర ఒకటి. ఫోనాన్ అలా చీలదు. ఇంకా పెద్ద క్షేత్రాల్లో కిందకి దిగే కొమ్మ పక్కనున్న ఫోనాన్‌ని కలిసి, దాటకుండా పక్కకి తప్పుకుంటుంది. రెండూ కలిసిపోయాయనడానికి అదే గుర్తు.

మీ చేతిలో 9 టెస్లాల అయస్కాంతం, పచ్చ లేజర్, పని చేస్తున్న క్రయోస్టాట్ ఉన్నాయి. ఐరన్ ఫాస్ఫరస్ ట్రైసల్ఫైడ్ గాలిలో క్రోమియం ట్రైఅయొడైడ్ కంటే చాలా బాగా నిలబడుతుంది. రెండోదానికి గాలి తగలని గ్లవ్‌బాక్స్ లేకపోతే నిమిషాల్లో పాడవుతుంది. నా మాట వింటే మీ రెండో ప్రాజెక్ట్ ఐరన్ ఫాస్ఫరస్ ట్రైసల్ఫైడ్ మీద పెట్టుకోండి. అక్కడ గీత చోటే మారుతుంది కాబట్టి లెన్స్‌తో గొడవ తక్కువ.

గైడ్‌తో ఎలా చెప్పాలని అడిగారు. ఇది భౌతికశాస్త్రం కంటే కష్టం, నాకు తెలుసు. మాటలతో వాదించకండి. బంగారు ముక్క గ్రాఫ్‌ని, మీ ఏ1జి గ్రాఫ్‌ని ఒకే కాగితం మీద, ఒకే కొలమానంలో పక్కపక్కన వేసి ముందు పెట్టండి. పక్కన టెన్సర్ లెక్క నాలుగు వరుసలు చేతితో రాయండి, సిలికాన్ వరుస కూడా. "సార్, సిలికాన్‌లో కోణాల మొత్తం వస్తోంది, అందుకే కదల్లేదు" అని ఒక్క వాక్యం చెప్పండి. ఏళ్ల తరబడి ఈ పని చేసినవారికి అంతకంటే చెప్పాల్సిన అవసరం ఉండదు. పేపర్ అచ్చయ్యాక ఇంకెవరో ఇదే కాగితం చూపించడం కంటే మీ ల్యాబ్‌లోనే మీరు చూపించడం ఆయనకీ మంచిది. ఆ సవరణ పద్ధతిని, సిలికాన్ ఉచ్చుతో సహా, మీ థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాయండి. రెండేళ్ల పని పోలేదు. మీ క్రయోస్టాట్ తిప్పుడు ఎంతో డిగ్రీలలో తెలిసిన మనిషి ఇప్పుడు మీ ల్యాబ్‌లో మీరొక్కరే.

మీరు ఉంటున్న యశ్వంతపురం నుంచి సదాశివనగర్ ఎంతో దూరం లేదు. 1933లో రామన్ గారు కలకత్తా నుంచి ఈ ఊరికి వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టరయ్యారు, 1948లో సదాశివనగర్ పక్కన తన సొంత సంస్థ పెట్టుకున్నారు. ఆయన, ఆయన సహచరుడు కె.ఎస్. కృష్ణన్ 1928లో రాసిన మొదటి చిన్న నోట్ తీసి చదవండి, ఒక పేజీ కూడా ఉండదు. తాము చూసింది ఫ్లోరసెన్స్ కాదని చెప్పడానికి వాళ్లు చూపిన రెండు కారణాల్లో ఒకటి, ఆ కాంతి చాలా బలహీనంగా ఉండటం. రెండోది దాని పోలరైజేషన్. ఎండనీ, రంగు గాజులనీ, కళ్లనీ నమ్ముకుని చేసిన ప్రయోగంలో కూడా వాళ్లు ముందుగా అడిగింది, ఇది ఇంకేదైనా అయ్యే అవకాశం ఉందా అని. మీరు రాత్రి నిద్రపోకుండా అడుగుతున్న ప్రశ్నా అదే.

సోమవారం అయస్కాంతం మీకు దొరికితే ఈ వరుసలో తీయండి. ముందు బంగారు ముక్క, సున్నా నుంచి 9 దాకా. తర్వాత మీ పొర మీద సర్క్యులర్‌లో 0, 3, 6.5, 9 టెస్లాల దగ్గర నాలుగు స్పెక్ట్రాలు. ప్రతిసారీ ఫోకస్ సరిచూసుకోండి, క్షేత్రంలో శాంపిల్‌ని మోసే పీజో స్టేజ్ కొంచెం జరుగుతుంది. అన్ని గీతలూ ఒకేసారి తగ్గితే అది ఫోకస్ తప్పే. ఆ నాలుగింటిలో ఏ1జి ఎత్తు ఎంత శాతం మారిందో నాకు రాయండి. రెండు శాతం కంటే ఎక్కువ మిగిలితే ఎర్ర లేజర్‌తో ఏం చేయాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.